అమ్ముడుపోయిన పాట

మన భాషలో ఒక చిత్రమైన క్రియ ఉంది. నవల అమ్ముడుపోయిందంటే నవల రాసినావిడకు పండుగ. నవల రాసినావిడే అమ్ముడుపోయిందంటే మాత్రం నలుగురిలో తలెత్తుకోలేదు. క్రియ మారలేదు, కర్త ఒక్కటే మారింది. పత్తి, మిరపకాయలు, పాడిగేదె - ఇవి అమ్ముడుపోతేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మనిషి మాత్రం అమ్ముడుపోరాదు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పాట దగ్గరే. పాట వస్తువుల్లో చేరుతుందా, మనుషుల్లోనా? గొంతులోంచి, ఊపిరిలోంచి వచ్చింది కనక మనిషిలో ముక్క అనాలా? గ్రామఫోను ప్లేటు మీదో టేపు మీదో ఎక్కి అంగట్లో కూర్చుంది కనక సరుకు అనాలా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలు చదివి తోచింది కాదు. నరసరావుపేటలో ఉండే మా తమ్ముడి కొడుకు తెచ్చిపెట్టాడు. ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగం సంగతి "చూస్తున్నా అత్తయ్యా" అనే ఒక్క ముక్కతో తేల్చేసి, ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక బ్యాండు పెట్టాడు. పెళ్లి ఊరేగింపుల బ్యాండు కాదు. వీళ్లు పాడేదాన్ని పాప్ పంక్ అంటారట. పేరు విని మీరు కంగారుపడనక్కర్లేదు. ఆ పని మీ అందరి తరఫునా నేను చేసే ఉన్నాను.

పంక్ అన్నది 1970లలో న్యూయార్కులో, లండనులో కుర్రాళ్లకు వచ్చిన కోపం. మూడు నాలుగు గిటారు కార్డులు, పరుగెత్తే డ్రమ్ములు, పాడడానికీ అరవడానికీ నడుమన ఒక గొంతు. సంగీతం పూర్తిగా నేర్చుకున్నాక పాడదామంటే పుణ్యకాలం గడిచిపోతుంది, ముందు పాడేద్దాం అన్నది వాళ్ల సిద్ధాంతం. ఆ కోపానికి, ఒకసారి వింటే నాలుక మీద నిలిచిపోయే వరస ఒకటి తగిలిస్తే పాప్ పంక్. అంటే కోపమే, కాని కూనిరాగం తీసుకోవచ్చు. ఇంట్లో విసుగు, ఊళ్లో విసుగు, మనసిచ్చిన పిల్ల పలకకపోవడం, అద్దంలో ముఖం తనకే నచ్చకపోవడం - ఇవీ విషయాలు. నలభై దాటిన మనకు నవ్వు వస్తుంది గానీ, ఇరవై రెండేళ్లవాడికి ఇవి చిన్న విషయాలు కావు. మనకూ ఆ వయసులో కాలేదు. మనం డైరీల్లో రాసుకుని పెట్టె అడుగున దాచాం, వీళ్లు మైకులో చెబుతున్నారు.

వీళ్లకు కులదైవం గ్రీన్ డే అనే అమెరికా బృందం. కాలిఫోర్నియాలో బర్క్‌లీ అనే ఊళ్లో గిల్మన్ వీధి, 924వ నంబరులో ఒక పాటల సాల ఉంది. 1986 డిసెంబరు ఆఖరి రోజున మొదలైంది. లాభం కోసం కాదు, సేవ చేసేవాళ్లే నడుపుకుంటారు. గ్రీన్ డే పిల్లలు అక్కడ పాడి పెద్దయ్యారు. లుకౌట్ అనే చిన్న కంపెనీ వాళ్ల మొదటి రెండు ఆల్బములు వేసింది. తరువాత రిప్రైజ్ అనే పెద్ద కంపెనీ పిలిచింది, వెళ్లారు. 1993లో అదే బర్క్‌లీలో ఫాంటసీ స్టూడియోలో, రాబ్ కవాలో అనే నిర్మాతతో కలిసి రికార్డు చేసి, 1994 ఫిబ్రవరి 1న 'డూకీ' అనే ఆల్బము విడుదల చేశారు. (ఆ పేరుకు అర్థం మావాడు చెప్పాడు. కుటుంబాలు చదివే పేజీలో రాయడానికి వీల్లేదు.) ఒక్క అమెరికాలోనే కోటికి పైగా ప్రతులు చెల్లాయి. మరుసటి ఏడు గ్రామీ బహుమతి వచ్చింది. లోకమంతా ముద్దు చేసిన ఆ పిల్లల్ని పుట్టింటివాళ్లు మాత్రం గడప తొక్కనివ్వలేదు. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న బృందం గిల్మన్‌లో పాడరాదని అక్కడి నియమం. పాత స్నేహితులు ఒకటే మాట అన్నారు, మన క్రియే - అమ్ముడుపోయారని. 2015 మే నెలలో ఒక సహాయ కార్యక్రమం కోసం అదే వేదిక ఎక్కారు. అప్పటికి ఆ పిల్లలకూ నా వయసు దాటింది.

మావాడు ఈ కథ చెప్పి, "వాళ్లు చేసింది తప్పా, అత్తయ్యా?" అన్నాడు. నేను ఆ ఆల్బమూ, అంతకు ముందువీ తెప్పించుకుని విన్నాను. మా ఇంట్లో వాళ్లు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి. నా చెవికి తోచింది చెబుతాను. కోపం అదే, వరస అదే తీరు. గిటారు మోత కాస్త నిండుగా, గొంతు కాస్త దగ్గరగా వినిపిస్తుంది, అంతే. మట్టికుండలో నీళ్లు ఇత్తడి బిందెలో పోశారు. నీళ్లు మారాయని నేననను.

ఈ కథలో రెండో సగం మావాడు చెప్పలేదు, నేనే తెలుసుకున్నాను. 2005లో గ్రీన్ డే తమ తొలి ఆల్బములను ఆ చిన్న కంపెనీ దగ్గర నుంచి వెనక్కు తీసేసుకుంది. కారణం, రావలసిన రాయల్టీ రాకపోవడం. చూశారా! పెద్ద దుకాణం పాపం, చిన్న దుకాణం పుణ్యం అని మనసులో ఒక లెక్క రాసుకుని ఉంటాం కదా, అది ఇక్కడ కూడికలోనే తప్పింది. స్నేహితుడు డబ్బు ఎగ్గొడితే అది ఆదర్శం కిందికి రాదు.

ఇంతకీ అంత దూరం వెళ్లడమెందుకు? కారెంపూడి మాకు పక్కనే ఉంది. కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు అక్కడ నాగులేటి దగ్గర వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్దంలో గురజాలవారూ మాచర్లవారూ దాయాది పగతో ఒకరినొకరు తుడిచిపెట్టుకున్న కథ అది. ఒక్క కోడిపందెం ఓడి ఏడేళ్లు ఊరు విడిచిపోయిన కథ. వీరాచారం పట్టినవాళ్లు వీరుల ఆయుధాలు ఎత్తుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆఖరి రోజు యుద్ధంలో కూలినట్టే నేలకు ఒరిగిపోతారు. అది చూస్తుంటే, ఎనిమిది వందల ఏళ్లు అన్నది పెద్ద కాలమేమీ కాదనిపిస్తుంది.

ఈ కథను పాడేవాళ్లను వీరవిద్యావంతులంటారు. మాలలు. బ్రహ్మనాయుడు మాల కన్నమను కొడుకుగా చేపట్టి సేనాపతిని చేశాడనీ, అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడనీ చెప్పే కథను, ఇన్ని వందల ఏళ్లు ఆ గొంతులే మోసుకురావడం ఊరికే జరిగిందని నేననుకోను. పాడినందుకు వాళ్లకు ముట్టవలసింది ముడుతుంది. దాన్ని ఎవరూ అమ్మకం అనరు. పాట వాళ్లకు పని, మొక్కు, వంశం నుంచి వచ్చిన బాధ్యత. ఈ మూడూ కలిసిపోయిన చోట అమ్మడం, అమ్మకపోవడం అన్న మాటే పుట్టదు. గిల్మన్ వీధివాళ్లు కోరుకున్నదీ అదేనేమో. కాని వాళ్లకు వీరులు లేరు, తిరునాళ్లు లేదు, నెల తిరిగేసరికి ఇంటి అద్దె మాత్రం ఉంది.

ఇదే కథ ద్విపదలో శ్రీనాథుడు రాశాడని పేరు. అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేయించారు. అది నిజంగా శ్రీనాథుడిదేనా అని పండితులు చాలాకాలం తగవుపడ్డారు. మన నాడులో జొన్నకూడు తప్ప మరొకటి దొరకదని చాటువుల్లో ఎత్తిపొడిచిన మహానుభావుడికి, ఈ నేల ఇంత పెద్ద కథను రాసిపెట్టి ఊరుకుంది. నాకు అందులో కొంచెం నవ్వు, కొంచెం ఉక్రోషం. పుస్తకం ఎవరిదని అన్ని వ్యాసాలు రాసినవాళ్లున్నారు. అంతకు ముందూ ఆ తరువాతా రాత్రుళ్లు కూర్చుని పాడిన వాళ్లకు పేర్లుండేవా అని అడిగిన వ్యాసం నా కంట పడలేదు.

ఒక పేరు మాత్రం మిగిలింది. 1970లలో జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడుతుండగా ఈ కథ టేపు మీదికి ఎక్కించుకున్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, చర్చ చేర్చి, 1982లో ఆక్స్‌ఫర్డువారి ద్వారా పుస్తకం తెచ్చాడు. గాలెయ్య పేరు ఆ పుస్తకంలో ఉంది. తిరునాళ్ల పాటను టేపులో బంధించడం అన్యాయం కదా అనేవాళ్లు అనవచ్చు. టేపుకు రాత్రి ఉండదు, ఎదురుగా కూర్చుని "ఆఁ" కొట్టే మనిషి ఉండడు, నిజమే. అయినా నాకు ఆ టేపు మీద గౌరవమే. తిరునాళ్లు పాటను బతికించింది, టేపు పాడినవాడిని బతికించింది. ఈ కథ మీద 1947లో ఒకసారి, 1966లో ఒకసారి 'పల్నాటి యుద్ధం' అనే సినిమాలు వచ్చాయి. మొదటిదాంట్లో కన్నాంబ, రెండోదాంట్లో భానుమతి నాగమ్మలు. జనం విరగబడి చూశారు. ఆ డబ్బులో ఒక్క కాసు కారెంపూడి పాటగాళ్లకు ముట్టాలని ఆ రోజుల్లో ఎవరికైనా తోచి ఉంటుందా? నాకు నమ్మకం లేదు.

ఇక వినుకొండ సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినప్పుడు నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడితే వినుకొండ కూడా ఇందులోకి వచ్చింది. జాషువాగారు 1895లో పుట్టింది అక్కడే. ఆయన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులోకి ఎక్కాయి. నాటకం బలిజేపల్లివారిది, పద్యాలు జాషువాగారివి, గొంతు ఏ ఊరికి ఏ నటుడు వస్తే ఆయనది. రాగం తీసి పాడితే తెల్లవారుజామున జనం నిద్ర మానుకుని "ఒన్స్‌మోర్" అని కేకలు వేసేవారు. ప్లేట్లుగా వచ్చాయి, కాసెట్లుగా వచ్చాయి, పల్లెల్లో మైకుసెట్ల మీద మోగాయి. మా చిన్నతనంలో మా వీధిలో ఆ పద్యాలు రానివాడు లేడు. అవి హరిశ్చంద్రుడే అన్నాడనుకునేవాళ్లం. ఎవరు రాశారని అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వినుకొండకు కొప్పరపు కవులు వచ్చినప్పుడు, జాషువాగారు సభలో వాళ్ల మీద పద్యాలు చదివితే, అంటరానివాణ్ని లోపలికి ఎవరు రానిచ్చారని గొడవ చేసిన పెద్దలున్నారు. అటువంటి పెద్దల పిల్లలే కాటిసీనుకు ఒన్స్‌మోర్ కొట్టి ఉంటారు. పద్యం ఇంట్లోకి వచ్చింది, మనిషి అరుగు దగ్గర ఆగిపోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఆ క్రియ మీదే అనుమానం పుట్టింది. అమ్ముడుపోయాడు అన్నప్పుడు మనం మూడు రకాల పనులను ఒకే గోతంలో కూరి మూతి కుడుతున్నాం. పాటకు వెల తీసుకోవడం ఒకటి. వెల కోసం పాటను వంచడం ఇంకొకటి. ఇతరుల దగ్గర తెచ్చుకున్న పాటకు వెల తీసుకుని వాళ్లకు చెప్పకపోవడం మరొకటి. మొదటిదాన్ని చూసి గొడవ చేస్తాం, రెండోదాన్ని గుసగుసలాడుకుంటాం, మూడోదాన్ని సంస్కృతి అంటాం.

మావాళ్ల ఆల్బము విషయం చెప్పాలి. స్టూడియోకు ఇచ్చుకునే డబ్బు లేక, ఊరి బయట ఖాళీగా ఉన్న పత్తి గోడౌనులో ఒక మూల అడిగి తీసుకున్నారు. గోడలకు గోతాలు, వాటి మీద మా వదిన బొంతలు వేలాడదీశారు. చప్పుడు బయటికి పోకుండా అన్నారు గాని, నాకు తెలిసి లారీ హారన్లు లోపలికి రాకుండా. రెండు మైకులు, ఒక లాప్‌టాపు. కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి. డ్రమ్ముల పిల్లాడికి ఎండాకాలం వేడికి చేతులు చెమటపట్టి కర్రలు జారిపోతే, మా వదిన తడిగుడ్డ తీసుకుని పక్కన కూర్చుంది. మూడు వారాల్లో ఏడు పాటలు. తెలుగులోనే. విసుగు గురించి ఒకటి, హైదరాబాదు బస్సు గురించి ఒకటి, నాన్నతో మాటలు లేకపోవడం గురించి ఒకటి. ఆ చివరిది విని మా తమ్ముడు లేచి గేదెకు నీళ్లు పెట్టడానికి వెళ్లి చాలాసేపు రాలేదు.

శివరాత్రికి కోటప్పకొండ దగ్గర ఒక ఊరి ప్రభ ముందు పాడమని పిలిచారు. కోటప్పకొండ ప్రభలు చూడనివాళ్లకు ఏం చెప్పను, ఎనభై తొంభై అడుగుల ఎత్తున దీపాల గోడలు చీకట్లో కదిలివస్తాయి. అక్కడ జనానికి కావలసింది సినిమా పాటలు. మావాళ్లు నాలుగు సినిమా పాటలు పాడి నడుమ ఒకటి తమది దూర్చారు. పిల్లలు గంతులు వేశారు. ఒక పెద్దాయన మాత్రం నా పక్కకు వచ్చి, "పిల్లలకు ఎవరితోనమ్మా తగాదా?" అని నిజంగానే బాధపడ్డాడు.

తరువాత ఒక నాయకుడి తాలూకు మనుషులు వచ్చారు. వరస బాగుంది, మాటలు తీసేసి మా నాయకుడి పేరు పెట్టి పాడండి అన్నారు. చెప్పిన మొత్తం మావాడి మొదటి ఏడాది జీతమంత, ఉద్యోగం వచ్చి ఉంటే. మావాడు కుదరదన్నాడు. బేస్ వాయించే కుర్రాడు ఒప్పుకుందామన్నాడు. వాళ్ల నాన్న కౌలుకు మిరప వేసి, ధర పడిపోయి రెండేళ్లుగా అప్పులో ఉన్నాడు. "నీకు మీ నాన్న పెట్టే అన్నం ఉంది కాబట్టి నీకు నీతి ఉంది" అని ఆ పిల్లాడు మావాడి ముఖం మీదే అన్నాడు. రెండు నెలలు మాటలు లేవు. నాయకుడివాళ్లు ఇంకొకరిని చూసుకున్నారు.

తీర్పు చెప్పమని ఇద్దరూ నా దగ్గరకే వచ్చారు, విడివిడిగా. నవలలు రాసేవాళ్లకు లోకజ్ఞానం ఉంటుందని పిల్లలకు ఒక భ్రమ. నేను పద్దెనిమిదేళ్లుగా సీరియళ్లు రాసి డబ్బు తీసుకుంటున్నదాన్ని. వెల తీసుకోవడం తప్పంటే నా వంటింట్లో సగం సామాను దొంగసొత్తు అవుతుంది. ఒక పత్రికవారు ఒకసారి, విధవరాలి పెళ్లి దగ్గర కథ ఆపకండి, పాఠకులు ఒప్పరు, చంపేయండి అన్నారు. నేను చంపలేదు, ఆ పత్రిక మళ్లీ నన్ను అడగలేదు. అప్పుడు నాకు ఉద్యోగం చేసే భర్త ఉన్నాడు. లేకపోతే ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలుసునని గట్టిగా చెప్పలేను. అందుకని ఆ బేస్ కుర్రాడి మాట నాకు కోపం తెప్పించలేదు. పాటను వంచనన్నవాడు సరైనవాడే. వంచుదామన్నవాడు చెడ్డవాడు కాడు. ఇద్దరికీ ఇదే చెప్పాను, ఇద్దరికీ నచ్చలేదు.

కాని వాళ్లు నన్ను అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఏడు పాటల్లో జనం నోటికి పట్టింది ఒక్కటే, దాని పల్లవి వాళ్లది కాదు. మిరపకోతల్లో మా చేలో ఆడవాళ్లు పాడుకునేది. మావాడు చిన్నప్పుడు కల్లం దగ్గర తాలుకాయలు ఏరుతూ విన్నాడు, దాన్ని మూడింతల వేగంతో గిటారు మీద పెట్టాడు. ఫోనుల్లో ఆ పాట బాగా తిరిగి కొద్దిగా డబ్బు రావడం మొదలైంది. అట్ట మీద నాలుగు పేర్లున్నాయి. అయిదో పేరు లేదు. ఆవిడ ఎక్కడో పోలేదు, మూడు వీధుల అవతలే ఉంది.

"జానపదం కదా అత్తయ్యా, అందరిదీ" అన్నాడు మావాడు. అందరిదీ అన్న మాట ఎంత పెద్దదో, దాని వెనక ఎంతమంది కనపడకుండా పోవచ్చో అప్పటికి వాడితో చాలాసేపు మాట్లాడాను. జాషువాగారి సంగతి చెప్పాను, గాలెయ్య సంగతి చెప్పాను. పాపం, విన్నాడు. చివరకు నలుగురూ కలిసి - బేస్ కుర్రాడు కూడా వచ్చాడు - ఆవిడ ఇంటికి వెళ్లారు, నన్నూ తీసుకువెళ్లారు.

పాట వినిపించారు. ఆవిడ ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆఖరిదాకా విన్నది. "ఇంత పరుగెడితే కాయలెప్పుడు కోస్తారు నాయనా?" అన్నది ముందు. తరువాత, "ఇది నాది కాదు, మా అత్తది" అన్నది. పేరు వేస్తామంటే నవ్వింది. డబ్బు తీసి చేతిలో పెడితే మాత్రం నవ్వలేదు. ఇది ఏ పనికి అని అడిగింది. పాటకని చెప్పారు. పాటకు కూలేమిటి, కోతకు ఇచ్చినప్పుడే అయిపోయింది కదా అంది. అయినా నోట్లు వెనక్కు ఇవ్వలేదు. వేలు తడిచేసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టి, రెండు భాగాలు చేసి, ఒకటి కొంగున ముడివేసుకుని, రెండోది మావాడి చేతికే తిరిగి ఇచ్చింది.

"ఇది మాచర్లలో మా తోడికోడలికి ఇచ్చిరా. రెండో చరణం దానిది."